రెక్క మొలిచిన తలుపు

ఆ ఆదివారం పొద్దున సర్వేయరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బజారు నుంచి తిరిగొచ్చేలోగా విమానం కుడిరెక్క అతికించి, ఆరబెట్టి, ఎక్కడి వస్తువులు అక్కడ పెట్టేసి బుద్ధిమంతుడిలా పేపరు చదువుతూ కూర్చోవాలి. ఇంతకు మించి ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఆ మాట తరవాత చాలామందికి చాలాసార్లు చెప్పుకోవలసి వస్తుందని మాత్రం పాపం ఆయనకు అప్పుడు తెలియదు.

విమానం అంటే రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం. దాన్ని బొమ్మ అన్నవాళ్ళతో సర్వేయరు ఆ పూటకి మాట్లాడడు, అది వేరే సంగతి. పెట్టెలో పల్చటి చెక్క ముక్కలు, జిగురు, పెద్ద కాగితం మీద గీసిన నమూనా వస్తాయి. కాగితాన్ని పరిచి, గీతల మీద ముక్కల్ని పేర్చి, ఒక్కొక్కటే అతికించుకోవాలి. మొండెం అయింది, తోక అయింది, ఇక మిగిలినవి రెక్కలు. రెక్కల్ని పూర్తి చదునుగా ఉన్న చోట మాత్రమే కట్టాలని, లేకపోతే అవి మెలితిరిగి విమానం ముక్కు నేలకేసి పొడుచుకుంటుందని పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉంది. మామూలు మనిషి అయితే ఆ వాక్యం చదివి భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళేవాడు. సర్వేయరు రసమట్టం తీసుకుని ఇల్లు సర్వే చేశాడు.

రసమట్టం అంటే తెలుసుగా, గాజుగొట్టంలో బుడగ ఉంటుంది, అది మధ్యలో నిలబడితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఆయన అది జేబులో లేకుండా గడప దాటడు. ఆఫీసులో ఆయన వెనక ఆయన్ని అదే పేరుతో పిలుస్తారు. ఆ పొద్దున ఆ బుడగ ఇంట్లో దేన్నీ మెచ్చుకోలేదు. భోజనాల బల్ల మధ్యలో కుంగింది. మంచం పలక ఒక వైపు ఎత్తు. హాలు నేల బాల్కనీ వైపు వాలి ఉంది, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీని సర్వేయరు మనసులోనే నాలుగు మాటలు అన్నాడు. చివరికి దారం పట్టి, కంటితో గురి చూసి, చేత్తో తడిమి చూస్తే ఇల్లు మొత్తానికి వెంట్రుకవాసి తేడా లేని వస్తువు ఒక్కటే తేలింది. అది స్నానాల గది తలుపు.

కొత్త తలుపు. నున్నగా, తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంది. అంత చదునైన వస్తువును ఊరికే నిలబెట్టి వాడుకోవడం సర్వేయరుకు అన్యాయంగా తోచింది.

ఆ తలుపు కొత్తగా ఎందుకు వచ్చిందో ఇక్కడ చెప్పాలి. సర్వేయరు భార్య టీచరమ్మ. ఆవిడ పనిచేసే బడి మూతపడ్డాక, ఇంట్లోనే పసిపిల్లల కేంద్రం పెట్టాలని ఆశపడింది. పనికి పోయే తల్లులు పిల్లల్ని వదిలిపెట్టి వెళ్ళే చోటన్నమాట. అనుమతి కావాలంటే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఇల్లు చూడాలి. మొదటిసారి వచ్చి బాల్కనీ ఊచల మధ్య సందు ఎక్కువగా ఉందని వెళ్ళిపోయింది. రెండోసారి వచ్చి కరెంటు ప్లగ్గులు పిల్లల చేతికి అందుతున్నాయని వెళ్ళిపోయింది. టీచరమ్మ ఊచలు దగ్గర చేయించింది, ప్లగ్గులు పైకి ఎత్తించింది, ఎవరూ అనకముందే కింద పుచ్చిపోయిన స్నానాల గది తలుపు కూడా మార్పించింది. రేపు మూడోసారి. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. చుట్టుపక్కల తల్లులు అప్పటిదాకా ఆగరు, ఆవిడకూ అన్నాళ్ళు ఆగే ఓపిక లేదు. ఈ మధ్య నిద్రలో కూడా ఊచలు లెక్కపెడుతోంది.

ఆ పొద్దున బజారుకు వెళ్తూ ఆవిడ భర్తకు రెండే మాటలు చెప్పింది. జుట్టు కత్తిరించుకు రమ్మని ఒకటి. ఇంట్లో ఏదీ కదపవద్దని రెండోది. సర్వేయరు రెండింటికీ తల ఊపాడు. వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు, అంటే టీచరమ్మ తల్లి, ఇంకా నిద్ర లేవలేదు.

తలుపు ఊడదీయడంలో ఆయన ఎంత శ్రద్ధ చూపించాడంటే, ఊడిన స్క్రూలన్నిటినీ కిటికీ గట్టు మీద ఒకే వరసలో, తలలన్నీ ఒకే వైపుకి ఉండేలా పేర్చాడు. తలుపును పడగ్గదిలోకి మోసుకెళ్ళి రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాడు. కింద అట్టముక్కలు దోపి బుడగను మధ్యకు తెచ్చాడు. నమూనా కాగితం పరిచాడు. కాగితం మీద ప్లాస్టిక్ షీటు వేసి ఆ పైన జిగురు పని చేయాలని పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంది. సర్వేయరు షీటు వేసి చూశాడు. ముడత. సర్ది చూశాడు. ఇంకోచోట ముడత. ముప్పై ఊళ్ళ నేల కొలిచినవాడికి ముడత అంటే కొండతో సమానం. ఇంత కష్టపడి చదును సంపాదించి దాని మీద కొండలు పరచడమేమిటని షీటును చుట్ట చుట్టి మూలకు విసిరేశాడు.

వెన్నులాంటి పొడుగు పట్టీ పెట్టాడు, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి ముక్కలు పెట్టాడు, ప్రతి అతుకులోనూ జిగురు ధారాళంగా పోశాడు. రెక్క రూపం వచ్చింది. ఆయన చేయంత పొడుగుంది, ఊదితే లేచిపోయేంత తేలిగ్గా ఉంది. పైన బరువు పెట్టాలి. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, టీపొడి డబ్బా తెచ్చి పద్ధతిగా అమర్చాడు. అత్తగారు నిద్రమత్తులో వచ్చి తగులుతారేమోనని పడగ్గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని సెలూన్‌కు బయలుదేరాడు. సెల్‌ఫోను మాత్రం రెక్క పక్కనే మరిచిపోయాడు.

అత్తగారు లేచి ముందుగా టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళారు. పంచదార డబ్బా లేదు. టీపొడి డబ్బా లేదు. పంచదార లేకపోతే చిటికెడు ఉప్పు వేసి గంజి తాగుదామనుకుంటే ఉప్పు కూడా లేదు. అల్లుడిని పిలిచారు. పలకలేదు. సరే మొహం కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్ళి, అలవాటుగా వెనక్కి చేయి చాపి తలుపు లాగారు. చేతికి గాలి తగిలింది. కళ్ళజోడు తెచ్చి పెట్టుకుని మళ్ళీ చూశారు. గుమ్మం ఉంది, తలుపు లేదు. ఆవిడ గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయారు. డెబ్బై ఏళ్ళ జీవితంలో నగలు పోవడం విన్నారు, మనుషులు పోవడం విన్నారు, స్నానాల గది తలుపు పోవడం ఇదే మొదలు.

కింద వాటాలో ఉండేది హెడ్ కానిస్టేబుల్. ఆయన ఉద్యోగమంతా ట్రాఫిక్‌లోనే గడిచిపోయింది. దొంగను స్వయంగా పట్టుకునే భాగ్యం ఇంతవరకు కలగలేదని, ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నానని ఎప్పుడూ దిగులు పడుతుంటాడు. అత్తగారు వచ్చి చెప్పగానే చేతిలో కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని మేడ ఎక్కాడు. కిటికీ గట్టు మీద స్క్రూల వరస చూసి, ఒంగి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఇది చేయి తిరిగినవాడి పనమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "టీవీ ముట్టుకోలేదు. బీరువా ముట్టుకోలేదు. తలుపు, ఉప్పు, పంచదార. ఇలాంటివాణ్ణి నేనింతవరకు వినలేదు."

పడగ్గదికి తాళం ఉండటం చూసి, ఆ గదికి ఎప్పుడైనా తాళం వేస్తారా అని అడిగాడు. ఎప్పుడూ వేయరని అత్తగారు చెప్పారు. అల్లుడుగారు ఆదివారం పూట ఎక్కడికి వెళ్తారని అడిగాడు. ఎక్కడికీ వెళ్ళరు, రసమట్టంతో ఆడుకుంటూ ఇంట్లోనే ఉంటారని చెప్పారు. అయితే ఫోన్ చేద్దామని హెడ్డు సర్వేయరు నంబరు నొక్కాడు. పడగ్గదిలో, మూసిన తలుపు వెనక, సర్వేయరు ఫోను మోగింది.

అంటే సర్వేయరు లోపలే దొంగ చేతిలో ఉన్నాడని ఇద్దరూ తేల్చుకున్నారు. హెడ్డు చప్పుడు కాకుండా వెళ్ళి బయటి గడియ కూడా పెట్టేశాడు. తరవాత తలుపుకు నోరు ఆనించి, లోపలున్నవాడు మర్యాదగా సర్వేయరుగారిని వదిలేస్తే తాను పై అధికారులతో మాట్లాడి శిక్ష తగ్గించే ప్రయత్నం చేస్తానని, ఉప్పు పంచదారల సంగతి అసలు ఎత్తనని హామీ ఇచ్చాడు. లోపలి నుంచి జవాబు లేదు. జవాబు లేకపోవడం హెడ్డును మరింత భయపెట్టింది. మేడమెట్ల దగ్గర నిలబడి కింద గేటు వేసేయమని భార్యకు కేకేశాడు. ఎందుకని ఆవిడ అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ గేటు మూసింది గానీ నోరు మూసుకోలేదు.

ఈలోగా బజారులో చాపల కొట్టు ముందు టీచరమ్మకు ఇన్‌స్పెక్టరమ్మ నుంచి ఫోను వచ్చింది. రేపు తనకు మీటింగు పడిందని, ఇప్పుడు ఇటువైపే ఉన్నానని, ఇవాళే వచ్చి చూసిపోతానని చెప్పి పెట్టేసింది. టీచరమ్మ బేరమాడటం మానేసి చాపల డబ్బులు ఇచ్చేసింది. భర్తకు ఫోను చేసింది. ఎత్తలేదు. పడగ్గదిలో ఆ ఫోను మళ్ళీ మోగేసరికి, ముఠాలో మిగతావాళ్ళు కబురు చేస్తున్నారని హెడ్డు అత్తగారికి వివరించాడు. టీచరమ్మ తల్లికి చేసింది.

అత్తగారు ఫోనులో గుసగుసలాడారు. "ఇంటికి రాకే అమ్మా. దొంగలు పడ్డారు. అల్లుడుగారిని గదిలో పెట్టి బంధించారు. బాత్‌రూమ్ తలుపు ఎత్తుకుపోయారు."

భర్తను బంధించారన్న మాటకు టీచరమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ తలుపు అనేసరికి ఆ కన్నీళ్ళు సగంలో ఆగిపోయాయి. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసింది మరి. "ఏ తలుపమ్మా?" అని మళ్ళీ అడిగింది. "కొత్తదేనా?" కొత్తదేనని విన్నాక ఆవిడ భయం పోయి అనుమానం వచ్చింది, చాపల కట్టను చంకలో పెట్టుకుని ఇంటివైపు పరుగు లాంటి నడక మొదలుపెట్టింది.

సెలూన్‌లో సర్వేయరు తల సగం పూర్తయింది. ఎడమ వైపు కత్తిరించడం అయిపోయి, కుడి వైపు ఇంకా మొదలు కాలేదు. అప్పుడే ఎవరో లోపలికి వచ్చి, పక్క వీధిలో ఒక పెద్దమనిషిని దొంగలు పడగ్గదిలో కట్టేసి కూర్చున్నారట, పోలీసులు బయట బేరాలాడుతున్నారట అని చెప్పాడు. సర్వేయరు అద్దంలోంచి ఆయన్ని చూసి, పాపం ఎవరండీ అని అడిగాడు.

"ఎవరో సర్వేయరట. ఇంట్లో తలుపులు కూడా ఊడదీసుకు పోయారట."

సర్వేయరు అద్దంలో తన మొహం తాను చూసుకున్నాడు. అద్దంలో మనిషికి కూడా విషయం అప్పుడే అర్థమైనట్టుంది, నోరు తెరుచుకుపోయింది. మెడకు కట్టిన గుడ్డతోనే కుర్చీలోంచి లేచాడు. సెలూనాయన వెనకనుంచి ఏదో అంటున్నా వినకుండా రోడ్డున పడ్డాడు. తాను బందీగా ఉన్న ఇంటికి తానే పరుగెత్తుకెళ్ళే యోగం ఎంతమందికి పడుతుంది?

ఇంటి ముందు జనం. గేటు వేసి ఉంది. ఇది నా ఇల్లు, నన్ను లోపలికి పోనివ్వండి అంటే, లోపల దొంగ ఉన్నాడు, ఇప్పుడు పోకూడదని హెడ్డు భార్య ససేమిరా అంది. సగం తలతో, మెడలో తెల్లగుడ్డతో ఉన్న మనిషిని ఆవిడ గుర్తు పట్టలేదు. గుర్తు పట్టాక గేటు తీసిన చేయి తీసినట్టే ఉండిపోయింది. మేడ మీద అత్తగారు అల్లుణ్ణి చూసి కుర్చీ వెతుక్కున్నారు. హెడ్డు ఒకసారి సర్వేయరును, ఒకసారి మూసిన పడగ్గదిని చూశాడు.

"మీరిక్కడుంటే లోపలున్నదెవరండీ?" అన్నాడు.

"ఎవరూ లేరండీ. తలుపుంది. నేనే పెట్టాను."

ఉద్యోగం మొత్తం మీద దొరక్క దొరక్క దొరికిన దొంగ ఇలా ఆవిరైపోవడం హెడ్డు తట్టుకోలేకపోయాడు. పైగా ఇంతసేపూ ఒక తలుపుకు శిక్ష తగ్గిస్తానని మాట ఇచ్చినట్టు తేలింది. సర్వేయరు గడియ జరిపి తాళం తీశాడు. స్టూళ్ళ మీద తలుపు, తలుపు మీద రెక్క, రెక్క మీద డబ్బాలు. అత్తగారు ఏమీ అనకుండా లోపలికి వచ్చి పంచదార డబ్బా, టీపొడి డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడే టీచరమ్మ వచ్చింది. ఆవిడ భర్త తలను చూసింది, తలుపును చూసింది. కేకలు వేయలేదు. వేసి ఉంటే సర్వేయరుకు కొంచెం సుఖంగా ఉండేది.

"ఇన్‌స్పెక్టరమ్మ ఇవాళే వస్తోందండీ," అంది. "ఇప్పుడే. ఆ తలుపు బిగించండి."

సర్వేయరు ధైర్యంగా, ఎంతసేపు, రెక్క తీసి పక్కన పెట్టి తలుపు బిగించడమే కదా అన్నాడు. రెండు చేతులతో రెక్కను సుతారంగా పట్టుకుని ఎత్తాడు. తలుపు కూడా లేచింది.

వదిలి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ తలుపు లేచింది. జిగురు కాగితంలోంచి దిగి తలుపును పట్టుకుంది. మూలన పడి ఉన్న ప్లాస్టిక్ షీటు వైపు సర్వేయరు ఒక్కసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు. సన్నటి కత్తి దూర్చి చూశాడు. కత్తి మొన విరిగింది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వేసి చూశారు. జిగురు ఇంకా హాయిగా బిగుసుకుంది. పెట్టె మీద "ఒకసారి అతికితే ఊడదు" అని రాసి ఉంది, ఆ ఒక్క మాట మాత్రం అక్షరాలా నిజమని తేలింది.

హెడ్డుకు పోలీసు బుర్ర పనిచేసింది. రెక్కతో సహా తలుపు బిగించేద్దాం, అడిగితే కొత్త రకం డిజైనని చెబుదాం అన్నాడు. వేరే దారి లేక మోసుకెళ్ళి గుమ్మంలో పెట్టి చూశారు. రెక్క లోపలి వైపుకి ఉంటే వాష్‌బేసిన్‌కు అడ్డం పడి తలుపు మూసుకోవడం లేదు. బయటి వైపుకి తిప్పితే మడతబందులు కలవడం లేదు, పైగా హాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే మొదట ఎదురవుతుంది. తువ్వాలు కప్పితే అని అత్తగారు వంటింట్లోంచి ఒక సలహా ఇచ్చారు. కప్పారు. తువ్వాలు కప్పుకున్న విమానం రెక్క మరింత అనుమానాస్పదంగా కనిపించింది.

కింద గేటు దగ్గర ఏదో కారు ఆగిన చప్పుడైంది. హెడ్డు భార్య ఎవరికో దొంగ కథ మొదటినుంచీ మర్యాదగా, తీరిగ్గా చెబుతోంది, చెప్పడం అయ్యేదాకా గేటు తీసేలా లేదు.

టీచరమ్మ చాపల కట్టను నేల మీద పెట్టి, పక్కనే కూర్చుండిపోయింది. భర్తను నిలదీయలేదు. మూడోసారి కూడా పోయింది అని మాత్రం తనలో తను అనుకున్నట్టు అంది. రంగుచాపల కట్ట తాడు విప్పబోయి, ఇక దేనికిలే అన్నట్టు వదిలేసింది. అది సర్వేయరు చూశాడు. ఆ చాపల మీద ఎవరెవరి పిల్లలు ఎక్కడ పడుకుంటారో ఆవిడ నెల రోజులుగా చెబుతూ ఉంది, తాను పుస్తకంలో రెక్కల బొమ్మలు చూస్తూ ఊఁ కొడుతూ ఉన్నాడు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సర్వేయరు లోపలికి వెళ్ళి ఉలి, సుత్తి తెచ్చాడు. రెక్కను ఒకసారి చూసుకున్నాడు. వెన్ను తీగలా నిటారుగా ఉంది, ఒక్క ఎముకా పక్కకు వాలలేదు. ఇంత మట్టంగా ఆయన ఆఫీసులో కూడా ఏ పనీ చేసి ఎరగడు. కళ్ళు మూసుకుని ఉలి ఆనించి కొట్టాడు. పుల్లలు ఎగిరి గోడకు తగిలాయి. రెండో దెబ్బ, మూడో దెబ్బ. హెడ్డు చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. టీచరమ్మ లేచి వచ్చింది, చేయి పట్టుకుని ఆపబోయింది. సర్వేయరు ఆగలేదు. మిగిలిన జిగురు మరకల్ని గీకి, గరుకు కాగితంతో రుద్ది, తలుపును హెడ్డు ఎత్తి పట్టుకోగా స్క్రూలు వరసగా బిగించాడు. ఆఖరి స్క్రూ తిరుగుతుండగా ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో అడుగు పెట్టింది.

ఆవిడ పొట్టిగా, పల్చగా, భుజాన సంచితో ఉంది. తక్కువ మాట్లాడే మనిషి. సగం తలతో ఉన్న ఇంటి యజమానిని, ఇంటి బట్టల్లో తలుపు పట్టుకుని నిలబడ్డ పోలీసును, మెట్ల మీద నిండిన జనాన్ని వరసగా చూసింది.

"కింద దొంగ అంటున్నారు. దొరికాడా?"

"దొరికాడండి," అన్నాడు హెడ్డు, సర్వేయరు వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నిస్తూ.

ఆవిడ ఇక అడగలేదు. బాల్కనీలోకి వెళ్ళి ఊచల మధ్య పిడికిలి పెట్టి చూసింది. పట్టలేదు, తల ఊపింది. ప్లగ్గుల దగ్గర చేయెత్తి చూసింది, తల ఊపింది. వంటింటి తలుపుకు పిల్లలు రాకుండా పెట్టిన అడ్డకర్ర చూసింది. టీచరమ్మ వెనకే నడుస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మ స్నానాల గది దగ్గర ఆగింది. తలుపు వేసింది, తీసింది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుని, తీసుకుని బయటికి వచ్చింది. సర్వేయరు చేతుల మీది చెమట ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలుపు మీద జిగురు చుక్క ఎక్కడైనా మిగిలిపోయిందా అన్నదే ఆయన బెంగ.

"ఈ తలుపు ఎందుకుందమ్మా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఎవరికీ ప్రశ్న అర్థం కాలేదు. తలుపు ఎందుకుంటుందో చెప్పమంటే ఏం చెప్పాలో టీచరమ్మకు తోచలేదు. పాతది పుచ్చిపోతే కొత్తది వేయించామని మెల్లగా చెప్పింది.

"అది కాదు. పసిపిల్లలుండే చోట బాత్‌రూమ్‌కు తలుపుండకూడదని మొన్ననే ఆర్డరు వచ్చింది. ఒక చోట ఓ పాప లోపల గడియ పెట్టుకుని బయటికి రాలేకపోయింది. గుమ్మానికి పొట్టి కర్టెన్ వేయండి, చాలు. ఆ సంగతి మీకు తెలిసి ఉండదు." ఆవిడ గడియారం చూసుకుంది. "ఇప్పటికిప్పుడు తీసేయగలిగితే సంతకం పెట్టేసి వెళ్తాను. వడ్రంగి వచ్చేదాకా ఆగాలంటే మాత్రం నాకు కుదరదు. మిగతావన్నీ బాగున్నాయి. అసలు తలుపే లేకుండా ఉంటే గుమ్మంలోంచే సంతకం పెట్టి పోయేదాన్ని."

హెడ్డు పైకప్పు వైపు చూడటం మొదలుపెట్టాడు. టీచరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సర్వేయరుకు నేల కొంచెం బాల్కనీ వైపు వాలినట్టనిపించింది, కానీ అది ముందునుంచీ వాలే ఉంది కదా.

"వడ్రంగి అక్కర్లేదమ్మా," అన్నారు అత్తగారు టీ కప్పు చేత పట్టుకుని వస్తూ. "మా అల్లుడుగారు ఊడదీస్తారు. చేయి తిరిగిన మనిషి."

సర్వేయరు ఊడదీశాడు. ఈసారి స్క్రూల వరస సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆయన కూడా. ఇన్‌స్పెక్టరమ్మ భోజనాల బల్ల కుంగిన చోటే కాగితం పెట్టి సంతకం పెట్టింది. వెళ్తూ వెళ్తూ మూలన కుప్పగా ఉన్న పుల్లల్ని చూసి అవేమిటని అడిగింది. విమానం రెక్క అని చెప్పాడు సర్వేయరు. ఎగిరేదా అని అడిగింది.

"మీరు రాకముందు వరకూ ఎగిరే అవకాశం ఉండేదండీ," అన్నాడు.

ఆవిడ మెట్లు దిగాక టీచరమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది, ఆ ఏడుపులోనే నవ్వింది. చాపల కట్ట విప్పి, హాలు నిండా రంగు రంగు చాపలు పరిచింది. తరవాత మూలకు వెళ్ళి పుల్లల్ని ఒక్కొక్కటిగా ఏరడం మొదలుపెట్టింది. సర్వేయరు వద్దన్నాడు, ఇక అవి దేనికీ పనికిరావన్నాడు. ఆవిడ వినలేదు. మీరు కొట్టకముందే నేను పట్టుకుని ఆపాల్సింది అంది. ఆపినా ఆగేవాణ్ణి కాదన్నాడు ఆయన. అది మాత్రం నిజమే.

కత్తిరించని కుడి వైపు జుట్టు మొహం మీద పడుతుండగా, సర్వేయరు తలుపును మళ్ళీ పడగ్గదిలోకి మోసుకెళ్ళి స్టూళ్ళ మీద పడుకోబెట్టాడు. ఇంక దాన్ని ఎవరూ అడగరు. ఇల్లు మొత్తంలో వెంట్రుకవాసి తేడా లేని చదును, ఇప్పుడు పూర్తిగా ఆయన సొంతం. అది ఆయనకు అంత సంతోషం ఎందుకు కలిగించడం లేదో ఆలోచిస్తూ చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు.

రేపటి నుంచి పసిపిల్లలు వస్తారు సరే, ఆ గుమ్మం ముందు పొట్టి కర్టెన్‌తో పెద్దవాళ్ళ గతి ఏమిటన్న ప్రశ్న ఆ సాయంత్రం ఎవరూ పైకి అడగలేదు. అత్తగారు మాత్రం బట్టలు సర్దుకుని పెద్దకూతురింటికి బయలుదేరారు. బయలుదేరే ముందు అక్కడికి ఫోన్ చేసి, పెద్దల్లుడికి ఇలాంటి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగి తెలుసుకున్నారు.